బాక్స్ మీద రాసిన గజాలు

కొన్ని నెలల క్రితం గోల్ఫ్ కోర్సులో మూడో హోల్ దగ్గర జరిగింది చెప్పి మొదలుపెడతా. కొత్త బంతుల బాక్స్ అప్పుడే విప్పాను. మూత మీద ఇంతింత అక్షరాలతో 'ఎక్స్‌ట్రా డిస్టెన్స్' అని, పక్కనే తోకకు మంటలు రేగుతూ దూసుకెళ్తున్న బంతి బొమ్మ. టీ అనే చిన్న పుల్ల మీద పెట్టి, నా మటుకు నేను బాగానే కొట్టాను, బంతి నేరుగా వెళ్ళి ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) మధ్యలో పడింది. ఆ తర్వాత నాతో ఆడే బాబాయ్ జేబులో చెయ్యిపెట్టి ఒక బంతి బయటికి తీశారు. ముందు వారం తుప్పల్లో దొరికిందట. ఒక పక్క కార్ట్ దారి రాయికి గీసుకుపోయి గరుగ్గా ఉంది, ఎవరో ఆకుపచ్చ స్కెచ్‌పెన్‌తో పెట్టుకున్న చుక్కలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆయన తొందరపడకుండా ఒక్కటి కొట్టారు. అది నా దాన్ని దాటి పదిహేను అడుగులు ముందుకెళ్ళి ఆగింది.

"బాబాయ్, అది ఏ కంపెనీ బంతి?" అన్నాను, ఉక్రోషం దాచుకోలేక.

దగ్గరికెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు. "పేరు చెరిగిపోయిందిరా అబ్బాయ్. అయినా బాక్స్ మీద ఏం రాశారో దానికెలా తెలుస్తుంది?" అన్నారు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రెండేళ్ళుగా నేను డ్రైవర్‌తో (టీ మీంచి దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ కర్ర, క్లబ్) దూరం రానప్పుడల్లా బంతి మారుస్తూ వచ్చాను. ఎర్ర బాక్స్, నల్ల బాక్స్, 'సాఫ్ట్', 'స్పీడ్', 'టూర్' అన్నీ అయ్యాయి. ఆ రోజు ఇంటికొచ్చి, అసలు టీ మీంచి కొట్టే దూరంలో బంతి వంతు ఎంత అని కూర్చుని లెక్క తేల్చుకుందామనుకున్నా. ఈ పోస్ట్ ఆ లెక్కే. ఎంతో కొంత తేడా ఉంది, కానీ అది నేను వెతుకుతున్న చోట లేదు.

ముందు బాక్స్ మీద రాతల సంగతి చూద్దాం. పెద్ద పోటీల్లో వాడదగిన ప్రతి బంతీ, గోల్ఫ్ నియమాలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ అనే రెండు సంస్థలు పెట్టిన పరీక్ష దాటి, వాళ్ళ జాబితాలో చేరాలి. బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ రెండూ దూరం కోసమే. బరువు పెంచి, సైజు తగ్గిస్తే గాలిని చీల్చుకుని ఎక్కువ దూరం పోతుంది కాబట్టి అటూ ఇటూ కట్టేశారు. (ఒకప్పుడు బ్రిటన్‌లో ఇంకాస్త చిన్న బంతి, 41 మిల్లీమీటర్ల చిల్లరది, చెల్లేది. ఎదురుగాలిలో అది బాగా పోయేది. 1974లో ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో పెద్ద బంతి తప్పనిసరి చేశారు, 1990కి చిన్నది పూర్తిగా పోయింది.) వీటికి తోడు దూరానికే నేరుగా ఒక పరిమితి ఉంది. 2004 నుంచి నడుస్తున్న లెక్క ప్రకారం, యంత్రం గంటకు 120 మైళ్ళ వేగంతో డ్రైవర్ ఊపి కొడితే, బంతి పడి దొర్లి ఆగేసరికి 317 గజాలు, కొలతల తేడా కోసం ఇంకో 3 గజాలు. అది దాటిన బంతి జాబితాలోకి రాదు.

అంటే పెద్ద కంపెనీలన్నీ ఎప్పుడో ఆ పైకప్పుకి తల తగిలించుకుని నిలబడ్డాయి. 'అందరికంటే దూరం' అని ఎవరు రాసుకున్నా ఆ కప్పు కిందే రాసుకోవాలి. 2023 డిసెంబర్‌లో ఆ రెండు సంస్థలే పరీక్ష వేగాన్ని 125 మైళ్ళకు పెంచుతామని ప్రకటించాయి, దూరం పరిమితి మాత్రం అదే ఉంచి. ఎక్కువ వేగంతో కొట్టినా ఆ 317 లోపే పడాలంటే బంతిని కొంచెం నెమ్మది చెయ్యక తప్పదు. అప్పుడు వాళ్ళు చెప్పిన అంచనా నాకు బాగా గుర్తుండిపోయింది. బాగా దూరం కొట్టే ప్రొఫెషనల్స్‌కి 13 నుంచి 15 గజాలు తగ్గుతాయట, మామూలు ఆటగాళ్ళకి 5 గజాలకు మించదట. బంతుల్ని కావాలని నెమ్మది చేస్తేనే మనకు పోయేది 5 గజాలైతే, ఇప్పుడున్న వాటిల్లో ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటే వచ్చేది ఎంతుంటుంది చెప్పండి.

సరే, దూరం ఎక్కడి నుంచి వస్తుంది? డ్రైవర్ ఫేస్‌కి, అంటే బంతికి తగిలే ముఖానికి, బంతి అతుక్కుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు. ఆ తర్వాత మనం చేసేది ఏమీ లేదు, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూడటమే. ఆ రెప్పపాటులోనే మూడు తేలిపోతాయి. బంతి ఎంత వేగంతో బయల్దేరింది, ఎంత కోణంలో పైకి బయల్దేరింది, ఎంత వెనక్కి తిరుగుతూ బయల్దేరింది. వేగం, లాంచ్, స్పిన్. బాల్ స్పీడ్ గంటకు ఒక మైలు పెరిగితే సుమారు రెండు గజాలు కలుస్తాయి అనేది అందరూ వాడే మోటు లెక్క, అది బాగానే పనికొస్తుంది.

బంతి వేగం, స్పిన్ కొలిచే యంత్రాలు చేసే ట్రాక్‌మ్యాన్ వాళ్ళు కొన్నేళ్ళ క్రితం ప్రచురించిన సగటు అంకెలు చూశాక నా బుర్రలో ఒక దీపం వెలిగింది. మామూలు మగ ఆటగాడి డ్రైవర్ స్వింగ్ గంటకు 93 మైళ్ళ చిల్లర. మహిళా ప్రొఫెషనల్స్ ఆడే ఎల్‌పీజీఏ టూర్ సగటు 94. అంటే ఇద్దరూ దాదాపు ఒకే వేగంతో ఊపుతున్నారు. కానీ మనవాడి బంతి 133 మైళ్ళ దగ్గర బయల్దేరుతుంది, ఆవిడది 140 దగ్గర. మనవాడి స్పిన్ నిమిషానికి 3200 చుట్లు దాటుతుంది, ఆవిడది 2600. క్యారీ, అంటే గాల్లోనే పోయే దూరం, ఆవిడది 218 గజాలు, మనవాడిది 204 దగ్గరే ఆగిపోతుంది. ఆ పద్నాలుగు గజాలు ఏ బాక్స్‌లోంచీ రాలేదు. ఫేస్ మధ్యలో కొట్టడం, బంతిని కొంచెం పైకి లేస్తూ తాకడం, అంతే. మగ ప్రొఫెషనల్స్ సగటున డ్రైవర్‌ని కూడా కొద్దిగా కిందికి దించుతూ కొడతారు, వాళ్ళ వేగానికి అది చెల్లుతుంది. వాళ్ళని టీవీలో చూసి మనం అలా కొడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. నా ఒంటి మీద ఆ వాతలు చాలానే ఉన్నాయి, ఫేస్ 9 డిగ్రీలే వాలి ఉన్న డ్రైవర్, బిరుసు షాఫ్ట్ (కర్ర కాడ), అన్నీ వాళ్ళని చూసి కొన్నవే.

ఇప్పుడు కంప్రెషన్. దీని గురించి తెలియని గోల్ఫర్ లేడు, సరిగ్గా తెలిసినవాడూ తక్కువే. బంతి ఎంత బిరుసో చెప్పే అంకె అది. మెత్తటివి 30, 40 దగ్గర ఉంటాయి, గట్టివి 90, 100 దగ్గర. 'నీ స్వింగ్ స్లోగా ఉంది, గట్టి బంతిని నువ్వు కంప్రెస్ చెయ్యలేవు, మెత్తటిది తీసుకో, దూరం వస్తుంది' అనే సలహా నాకు ఎంతమంది ఇచ్చారో లెక్కలేదు, నేనూ ఇద్దరు ముగ్గురికి ఇచ్చి పుణ్యం కట్టుకున్నా. నిజానికి డ్రైవర్ దెబ్బకి ఏ బంతైనా నొక్కుకుపోతుంది. 80 మైళ్ళతో కొట్టినా గట్టి బంతి చపాతీ అవ్వదు గానీ చదునవుతుంది. నొక్కలేకపోవడం అనే సమస్యే లేదు. అసలు ప్రశ్న, నొక్కుకున్నది ఎంత శక్తిని తిరిగి ఇస్తుంది అని. అక్కడ మరీ మెత్తటి కోర్ (బంతి లోపలి ముద్ద) సాధారణంగా కొంచెం వెనకబడుతుంది. 110 మైళ్ళతో ఊపేవాడికి ఆ తేడా కళ్ళకు కనపడుతుంది, వేగం తగ్గేకొద్దీ తేడా కూడా కుంచించుకుపోతుంది, నాలాంటివాడి దగ్గరికి వచ్చేసరికి గజమో రెండు గజాలో. కాబట్టి మెత్తటి బంతి చేతికి హాయిగా అనిపిస్తే నిక్షేపంగా ఆడండి, కానీ దూరం కోసమని మాత్రం వద్దు.

మనల్ని మోసం చేసేది చెవి. గట్టి బంతి 'టక్'మంటే వేగంగా పోయిందనిపిస్తుంది, మెత్తటిది 'తప్'మంటే ఫేస్‌కి అతుక్కుని ఒక తోపు తోసిందనిపిస్తుంది. రెండూ అనిపించడమే. నేను చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని కొట్టి చూశా (నవ్వకండి), ఏది ఏదో చెప్పలేకపోయా.

స్పిన్ దగ్గర కాస్త ఆగుదాం, అసలు కథంతా ఇక్కడే ఉంది.

గోల్ఫ్ బంతి మీద ఆ గుంటలు, డింపుల్స్, అందం కోసం కాదని అందరికీ తెలుసు. అవి ఎలా వచ్చాయో తెలుసా? 1848 ప్రాంతంలో గట్టా పెర్చా అనే చెట్టు పాలతో చేసిన బంతులు వచ్చాయి. అంతకుముందు తోలు సంచిలో ఈకలు కుక్కి చేసేవారు. గట్టా బంతి నున్నగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేది, కొడితే మాత్రం కాస్త లేచి దబ్బున పడిపోయేది. కొన్నాళ్ళు ఆడి దెబ్బలు తిని, ఒళ్ళంతా గాట్లు పడ్డాక అదే బంతి బాగా ఎగరడం మొదలుపెట్టింది. దాంతో కొత్త బంతినే సుత్తితో కొట్టి గాట్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 1898లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారం చుట్టిన కోర్‌తో బంతి తెచ్చాడు, 1905లో ఇంగ్లండ్‌లో విలియం టేలర్ అనే ఇంజనీర్ ఆ గాట్ల బదులు గుంటలు పెట్టే పద్ధతికి పేటెంట్ కోరాడు. నున్నటి బంతి డింపుల్స్ ఉన్నదానితో పోలిస్తే దాదాపు సగం దూరమే పోతుంది. గుంటలు బంతి చుట్టూ ఉన్న పల్చటి గాలి పొరని చెదరగొడతాయి, ఆ చెదిరిన గాలి బంతిని ఇంకాస్త వెనకదాకా అంటిపెట్టుకుని ఉంటుంది, వెనక్కి లాగే బలం సగానికి పడిపోతుంది.

బ్యాక్‌స్పిన్ ఆ గాలిని పట్టుకుని బంతిని పైకి లేపుతుంది. విమానం రెక్క చేసే పనే. స్పిన్ మరీ ఎక్కువైతే బంతి ఆకాశంలోకి లేచి, అక్కడే కాసేపు వేలాడి, ఎదురుగాలికి వెనక్కి జారుతున్నట్టు పడుతుంది. మరీ తక్కువైతే పట్టుకునేది ఏమీ లేక పిట్ట రాలినట్టు రాలిపోతుంది. 'డిస్టెన్స్' అని అమ్మే బంతుల్లో చాలావరకు చేసేది ఈ స్పిన్ తగ్గించడమే. కాబట్టి నీకు స్పిన్ ఎక్కువై బంతి వేలాడుతుంటే అది నీకు మందు. నీ బంతి అసలే తక్కువ ఎత్తులో పోతూ తొందరగా వాలిపోతుంటే అదే బంతి నీ దూరాన్ని ఇంకా తినేస్తుంది. రెండు రోగాలకీ ఒకే గోళీ రాసిచ్చే డాక్టర్ దగ్గరికి వెళ్ళం కదా, బంతి దగ్గర మాత్రం అదే చేస్తున్నాం.

నాది రెండో రోగం అని తేలింది. ఎలా తేలిందో చెప్తా.

మూడు రకాల బంతులు తీసుకున్నా. ఒకటి నా తోకచుక్క బాక్స్‌లోది, రెండు పొరలది, గట్టి అయోనోమర్ ప్లాస్టిక్ కవర్. రెండోది బాగా మెత్తటిది. మూడోది టూర్ రకం, అంటే ప్రొఫెషనల్స్ ఆడేలాంటిది, మూడు పొరలు, మెత్తటి యురేథేన్ కవర్. ఒక్కో రకంలో నాలుగు, అన్నీ కొత్తవి. వాటి మీద వరసగా ఎరుపు, నలుపు, నీలం చుక్కలు పెట్టా. లాంచ్ మానిటర్ (బంతి వేగం, లాంచ్, స్పిన్ కొలిచే యంత్రం) ఉన్న గదిలో, బాబాయ్‌ని తీసుకెళ్ళి, నేను వెనక్కి తిరిగి నిలబడితే ఆయన ఏదో ఒకటి తీసి, చుక్క కిందకి, కంపెనీ పేరు అటువైపుకి ఉండేలా టీ మీద పెట్టేవారు. నేను తిరిగి కొట్టేవాణ్ణి, రంగు ఆయన రాసుకునేవారు. ఒకే రంగు వరసగా పది కొట్టకూడదు, మొదట్లో ఒళ్ళు బిగుసుకుని ఉంటుంది, చివర్లో అలిసిపోతాం, ఆ తేడా బంతి నెత్తిన పడుతుంది. అందుకే కలగాపులగంగా ఒక్కో రంగు పదేసి. మధ్యలో రెండుసార్లు కూర్చుని నీళ్ళు తాగాం. బాబాయ్ గారి దస్తూరీ చదవడానికి నాకు మళ్ళీ అరగంట పట్టింది, అది వేరే విషయం.

నా స్వింగ్ 88 మైళ్ళ దగ్గర తేలింది. బాల్ స్పీడ్ మూడు రంగులకీ 127, 128, అంతే. మెత్తటిది ఒక మైలు వెనక. లాంచ్ మూడింటికీ 10 డిగ్రీల చుట్టుపక్కలే. స్పిన్ మాత్రం తేడా వచ్చింది. ఎరుపు, అంటే తోకచుక్క, 2300. టూర్ బంతి 2600. క్యారీలో టూర్ బంతే నాలుగు గజాలు ముందుంది! డిస్టెన్స్ అని రాసి ఉన్నది నా చేతిలో గాల్లో తక్కువ దూరం పోతోంది. నేల గట్టిగా, ఎండిపోయి ఉన్న రోజున అది దొర్లి ఆ నాలుగూ సంపాదించుకుంటుందేమో, మెత్తటి నేల మీద ఆ ఆశ కూడా లేదు.

అయితే ఈ నాలుగు గజాల కోసం కొండను తవ్వి ఎలుకను పట్టామా అనిపించే ముక్క తర్వాత కనపడింది. ఒకే రంగు బంతులు తీసుకుని, నా మంచి దెబ్బకీ నా చెత్త దెబ్బకీ తేడా చూస్తే 38 గజాలు. బంతి మారిస్తే నాలుగు, నేను మారితే ముప్పై ఎనిమిది. డ్రైవర్ ఫేస్ మీద పొడి స్ప్రే కొట్టి మళ్ళీ ఓ ఐదారు కొట్టాను, పొడి మీద గుండ్రటి మచ్చలు పడ్డాయి, ఎవరో పిడికెడు గింజలు చల్లినట్టు, కింద అంచు దగ్గర రెండు, క్లబ్ మడమ (కాడ ఉన్న పక్క) వైపు ఒకటి, ఎక్కడ పడితే అక్కడ. ఫేస్‌లో కింది భాగానికి తగిలితే లాంచ్ తగ్గి స్పిన్ పెరుగుతుంది, వేగం పోతుంది, దాన్ని ఏ బంతీ కాపాడలేదు.

బాబాయ్ ఏమీ అనకుండా వచ్చి టీని ఒక వేలు మందం పైకి లాగారు. బంతిని నా ఎడమ మడమకి ఎదురుగా ఇంకొంచెం ముందుకి జరిపారు. "ఇప్పుడు కొట్టరా" అన్నారు. లాంచ్ 13కి వెళ్ళింది, నీలం చుక్కది, అంటే టూర్ బంతి, 197 గజాల క్యారీ. అంతకుముందు దాని సగటు 189. ఎనిమిది గజాలు, ఒక చెక్క పుల్ల పైకి లాగినందుకు.

ఇంటి దగ్గర ఇలా చూసుకోవాలనుకునేవాళ్ళకి ఒక్క మాట, ప్రాక్టీస్ రేంజ్‌లో బకెట్‌లో ఇచ్చే బంతులతో మాత్రం పోల్చుకోవద్దు. అవి ఎక్కువకాలం మన్నాలని చేసినవి, కొన్నిచోట్ల కావాలనే తక్కువ దూరం పోయేవి పెడతారు, పైగా వేలమంది కొట్టి డింపుల్స్ అరిగిపోయి ఉంటాయి. ఆ అంకెలు పట్టుకుని బంతి కొంటే దేవుడే దిక్కు. మానిటర్ లేకపోతే ఖాళీగా ఉన్న సాయంత్రం కోర్సు మీద ఒకే హోల్‌లో రెండు రకాలు మార్చి మార్చి కొట్టి, ఏది ఎక్కువసార్లు ముందుందో చూసుకున్నా చాలు. అన్నిటికంటే దూరం పోయిన ఒక్క దెబ్బని గుర్తుపెట్టుకోవద్దు, మధ్యరకం దెబ్బలు ఎక్కడ పడ్డాయో చూడండి.

స్లైస్ కొట్టేవాళ్ళు, అంటే బంతి పక్కకి వంకర తిరిగిపోయేవాళ్ళు, ఇక్కడికి వచ్చి 'మరి నేరుగా పోయే బంతి ఉందటగా' అని అడుగుతారు, తెలుసు, నేనూ అడిగా. తక్కువ స్పిన్ బంతి కొద్దిగా తక్కువ వంకర పోతుంది, నిజమే, కానీ ఫేస్ తెరుచుకుని కొడితే పక్క ఫెయిర్‌వేలో పడేది పక్క రఫ్‌లో (పొడవు గడ్డిలో) పడుతుంది, అంతవరకే. 1970లలో పొలారా అని ఒక బంతి వచ్చింది, కొన్నిచోట్ల లోతు గుంటలు, కొన్నిచోట్ల తేలిక గుంటలు పెట్టి, వంకర దానంతటదే సరిచేసుకునేలా. యూఎస్‌జీఏ దాన్ని ఒప్పుకోలేదు, బంతి ఎటు తిప్పి కొట్టినా ఒకేలా ఎగరాలని నియమం పెట్టింది, కేసు కోర్టుదాకా పోయి 1985లో రాజీతో ముగిసింది. సరదాగా ఆడుకునేవాళ్ళు అలాంటివి ఇప్పటికీ వాడతారు, పోటీలో చెల్లవు.

ఇక అసలు తేడా. డ్రైవర్ దగ్గర అన్ని బంతులూ అన్నదమ్ముల్లా ఉంటాయి, వెడ్జ్ (దగ్గరి దెబ్బలకి వాడే పొట్టి క్లబ్) చేతికి తీసుకోగానే ఆస్తి పంపకాలు మొదలవుతాయి. డ్రైవర్‌తో నాకు కనపడ్డ స్పిన్ తేడా 300. అదే గ్రీన్ (హోల్ గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనుంచి కొట్టే చిన్న షాట్‌లో యురేథేన్ కవర్‌కీ గట్టి అయోనోమర్ కవర్‌కీ మధ్య తేడా వేలల్లోకి వెళ్తుంది. ఎందుకంటే డ్రైవర్ దెబ్బ బంతి కోర్ దాకా వెళ్తుంది, వెడ్జ్ దెబ్బ మాత్రం పై చర్మంతోనే మాట్లాడుతుంది, ఆ చర్మం మెత్తగా ఉంటే క్లబ్ గీతలు దాన్ని పట్టుకుంటాయి. ముప్పై గజాల నుంచి ఒకే చోట పడేలా కొట్టి చూశా. నీలం చుక్క బంతి ఒక గెంతు, రెండో గెంతుకి బ్రేక్ వేసినట్టు ఆగింది. ఎర్ర చుక్కది పడి, గెంతి, ఇంకా తీరిగ్గా నడుచుకుంటూ నాలుగైదు అడుగులు దాటిపోయింది. టీ మీద సంపాదించాననుకున్న నాలుగు గజాలు (నా విషయంలో అవీ లేవు) ఇక్కడ ఒక్క పట్‌తో (గ్రీన్ మీద గుంటలోకి దొర్లించే దెబ్బ) వడ్డీతో సహా పోతాయి.

ఒకప్పుడు ఈ రెండింట్లో ఒకటి వదులుకోక తప్పేది కాదు. దారం చుట్టిన బంతి గ్రీన్ దగ్గర చెప్పినట్టు వింటుంది, గట్టి రెండు పొరల బంతి దూరం పోతుంది. 2000లో అది తిరగబడింది. ఆ ఏడాది పెబుల్ బీచ్‌లో టైగర్ వుడ్స్ ఘన కోర్ ఉన్న నైకీ బంతితో యూఎస్ ఓపెన్‌ని 15 షాట్ల తేడాతో గెలిచాడు, ఆ అక్టోబర్‌లో టైటిలిస్ట్ కంపెనీ ప్రో వీ1 బంతి టూర్‌లోకి వచ్చింది, చూస్తుండగానే దారం బంతులు కనుమరుగయ్యాయి. ఘన కోర్, మధ్యలో ఒక పొర, పైన యురేథేన్. ఇప్పుడు టూర్ రకం అంటే అందరూ చేసేది దాదాపు అదే, పొరలు మూడా నాలుగా ఐదా అనేది తర్వాతి ముచ్చట.

కొందరు తెలివిగా రెండు రకాలు పెట్టుకుంటారు, పొడవాటి హోల్‌కి ఒకటి, చిన్న హోల్‌కి ఒకటి. నియమం ప్రకారం తప్పు లేదు, ఒక హోల్ పూర్తయ్యాక తర్వాతి దానికి బంతి మార్చుకోవచ్చు, ఒకే మోడల్ వాడాలని పోటీవాళ్ళు ప్రత్యేకంగా చెప్తే తప్ప. నేను చేసి చూశా. పట్టర్‌తో కొట్టినప్పుడు ఒకటి గట్టిగా పోతుంది, ఒకటి మెత్తగా పోతుంది, మూడు హోల్స్ అయ్యేసరికి నా చేతికి ఏ బంతి ఆడుతున్నానో గుర్తుండదు. టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. ఏదో ఒక రకం ఎంచుకుని దాని మీదే ఉండిపోవడం నాలాంటివాళ్ళకి నయం.

చిన్నాచితకా ఇంకొన్ని ఉన్నాయి. చలిలో బంతి బద్ధకిస్తుంది, రబ్బరు బిగుసుకుంటుంది, గాలి కూడా చిక్కబడుతుంది, కాబట్టి చలికాలంలో నాలుగు గజాలు తగ్గితే బంతిని తిట్టకండి. రాత్రంతా కారు డిక్కీలో వదిలెయ్యకుండా గదిలో పెట్టుకుంటే చాలు. ఆట కోసం బంతిని కావాలని వేడిచెయ్యడం మాత్రం నిషేధం, అలాంటి బంతితో కొట్టకూడదు. ఎత్తైన ప్రాంతంలో గాలి పల్చగా ఉంటుంది, అక్కడ ఏ బంతైనా ఎక్కువ పోతుంది, అది చూసి బంతి గొప్పదని కొనుక్కొచ్చినవాళ్ళని నాకు తెలుసు. చెరువులోంచి తీసి కడిగి అమ్మే బంతులు ఎన్నాళ్ళు నీళ్ళలో నానాయో ఎవరూ చెప్పలేరు, ప్రాక్టీస్‌కి సరే, పోలికకి వద్దు. బురద అంటుకుంటే టీ మీద పెట్టేముందు తుడవండి, టీ దగ్గర ఆ హక్కు ఎప్పుడూ ఉంటుంది. గీసుకుపోయినంత మాత్రాన హోల్ మధ్యలో బంతి మార్చడానికి కుదరదు, చీలితేనో పగిలితేనో తప్ప, కానీ తర్వాతి హోల్‌కి మార్చుకోవచ్చు. మరి బాబాయ్ గీతల బంతి ఎలా పోయింది అంటారా, దానికి తగలాల్సిన చోట తగిలింది కాబట్టి. మంచి బంతైతే ఇంకో రెండు గజాలు పోయేదేమో, అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

నేను ఇప్పుడు ఆడేది నీలం చుక్కదే. గ్రీన్ దగ్గర ఆగుతుందని ఎంచుకున్నా, డ్రైవర్‌తో నాలుగు గజాలు కొసరు వచ్చాయి. నీకు స్పిన్ ఎక్కువై బంతి గాల్లో వేలాడుతుంటే నీ జవాబు వేరే ఉంటుంది, నీ చుక్కలు నువ్వే పెట్టుకోవాలి.

ఆ తోకచుక్క బాక్స్‌లో ఇంకా ఏడు మిగిలాయి. పదకొండో హోల్‌లో చెరువు దాటించాల్సిన చోట వాటిలోంచే ఒకటి తీస్తున్నా, ఒకే రకం మీద ఉండిపోవాలని పైన అంత చెప్పి కూడా. పోతే పోయిందిలే అని భుజాలు వదులుగా పెట్టి కొడతానో ఏమో, ఇప్పటిదాకా ఒక్కటీ నీళ్ళలో పడలేదు.